లినక్స్ పునాది పనిముట్లలో రస్ట్ భాష: ఒక వివాదం

లినక్స్ కంప్యూటర్లలో నిత్యం నడిచే పునాది ప్రోగ్రాములను సి, సి ప్లస్ ప్లస్ భాషల నుంచి రస్ట్ అనే కొత్త భాషలోకి మార్చాలా, వద్దా అన్న చర్చ 2016 ప్రాంతంలో చిన్నగా మొదలై 2025లో పతాక స్థాయికి చేరింది. ఆ ఏడాది అక్టోబరులో మూడు వారాల తేడాతో రెండు ఘటనలు జరిగాయి. 9న విడుదలైన ఉబుంటు 25.10 అనే లినక్స్ పంపిణీలో ఫైళ్ల జాబితా చూపడం, నకలు తీయడం, తేదీ చెప్పడం వంటి పనులు చేసే మౌలిక కమాండ్లు, నిర్వాహకుడి అధికారాలను ఇచ్చే సుడో కమాండ్ రస్ట్‌లో రాసినవే వచ్చాయి. 31న డెబియన్ అనే మరో పంపిణీలో ప్యాకేజీలను అమర్చే ఆప్ట్ ప్రోగ్రాం బాధ్యుల్లో ఒకరైన జూలియన్ ఆండ్రెస్ క్లోడె, ఇకపై ఆప్ట్‌కు రస్ట్ తప్పనిసరి అవుతుందని, అది 2026 మే కంటే ముందు మాత్రం ఉండదని ప్రకటించారు.

రెండు పక్షాలూ ఎక్కువగా పలికే మాట ‘భద్రత’. దాని వెనక మరికొన్ని ప్రశ్నలు ఉన్నాయి. ముప్పై ఏళ్లు జనం చేతుల్లో నలిగిన ప్రోగ్రాం సంపాదించుకున్న నమ్మకాన్ని దేనికోసం వదులుకోవచ్చు? పాత యంత్రాలు వాడేవారి మీద పడే భారం ఎవరు మోయాలి? జీతం లేకుండా కోడ్ చూసుకుంటున్నవారిని కొత్త భాష నేర్చుకోమనే హక్కు ఎవరికుంది? వాగ్వాదం వేడెక్కినప్పుడల్లా కారణం ఈ ప్రశ్నల్లో ఒకటే అయి ఉంటుంది.

మెమరీ పొరపాటు అంటే

తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరానికి కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, కనిపించని విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం కలిసిన ‘జ్ఞా’ సందేశంగా అందితే ఆ యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే తెర మొత్తాన్ని నడిపే ప్రోగ్రామే పడిపోయేది. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. అక్షరాలను తెర మీద పేర్చే కోర్‌టెక్స్ట్ అనే భాగంలో మెమరీ చెడిపోవడమే కారణమని వివరణ ఇచ్చింది. లోపాల పట్టికలో అది సీవీఈ-2018-4124. తెలుగు లిపి మీద అప్పట్లో చాలా జోకులు పేలాయి గానీ లిపి చేసిన నేరం ఏమీ లేదు. వచ్చిన అక్షరాల వరసను కొలిచి చూసుకోకుండా మెమరీలో చెయ్యి పెట్టిన ప్రోగ్రాందే తప్పు.

అది లినక్స్ కాకపోయినా జబ్బు ఒకటే. బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 1972 నాటికి రూపొందించిన సి భాషలో మెమరీ లెక్కంతా ప్రోగ్రామరు బాధ్యత. అడిగి తీసుకోవాలి, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి, హద్దు దాటకూడదు. దాటితే ఆపేవారు లేరు. హద్దు దాటి రాయడం, తిరిగి ఇచ్చేసిన చోటును మళ్లీ వాడడం అనే రెండు పొరపాట్లు యాభై ఏళ్లుగా దాడి చేసేవారికి తలుపులు తెరుస్తున్నాయి. తాము ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఈ జాతివేనని మైక్రోసాఫ్ట్ 2019లో వెల్లడించింది.

లినక్స్ పనిముట్లలో దీనికి పేరుమోసిన ఉదాహరణ సుడో. 1980 ప్రాంతంలో బఫెలోలోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ ప్రోగ్రాంను టాడ్ మిల్లర్ మూడు దశాబ్దాలకు పైగా సాకుతున్నారు. 2021 జనవరిలో క్వాలిస్ సంస్థ అందులో ఒక లోపాన్ని బయటపెట్టింది. కమాండ్‌లోని వెనకగీతను, అంటే బ్యాక్‌స్లాష్‌ను, చదివే చోట చిన్న లెక్క తప్పడంతో, మామూలు ఖాతా ఉన్న ఎవరైనా యంత్రం మొత్తానికి యజమాని కాగలిగేవారు. ఆ తప్పు 2011 జులైలో చేరింది. దాదాపు పదేళ్లు ఎవరి కంటా పడలేదు. కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి తప్పులు దాగవన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వర్గాల ధీమాకు ఇంతకంటే గట్టి దెబ్బ ఊహించడం కష్టం.

రస్ట్ చేసేది, చేయనిది

గ్రేడన్ హోర్ మొజిల్లాలో పనిచేస్తూ 2006లో సొంత సరదాగా మొదలుపెట్టిన భాష రస్ట్. 2009 నుంచి మొజిల్లా అండగా నిలిచింది. 2015 మే 15న తొలి స్థిరమైన రూపం వెలువడింది. 2021 ఫిబ్రవరిలో దాని బాగోగులకు రస్ట్ ఫౌండేషన్ ఏర్పడింది.

ఈ భాషలో ప్రతి డేటాకూ ఒకే యజమాని ఉంటాడు. పొలం పట్టా ఒకరి పేరనే ఉన్నట్టు: చూసిపోవడానికి ఎందరైనా రావచ్చు, దున్నే హక్కు మాత్రం ఒక సమయంలో ఒక్కరికే. యజమాని పని ముగియగానే ఆ మెమరీ దానంతటదే వెనక్కి పోతుంది. ఈ నియమాలన్నిటినీ, కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ ముందే సరిచూస్తుంది. తప్పితే ప్రోగ్రాం తయారే కాదు. జావా, పైథాన్‌లలో ఉన్నట్టు వెనక నుంచి మెమరీని ఊడ్చే యంత్రాంగం అక్కర్లేదు కాబట్టి వేగంలో సికి దీటుగా నిలుస్తుంది. హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడాల్సిన చోట ‘అన్‌సేఫ్’ అని గుర్తుపెట్టి నియమాలను సడలించవచ్చు. అక్కడ హామీ ఉండదు. అయితే అనుమానించాల్సిన చోటు ఏదో చదివేవారికి ముందే తెలుస్తుంది.

తర్కంలో తప్పుంటే రస్ట్ పట్టుకోదు. ఇది వివాదానికి కీలకం కాబట్టి ఆప్ట్ చరిత్ర నుంచే చూడడం మేలు. 2019 జనవరిలో మ్యాక్స్ జస్టిచ్ అనే భద్రతా పరిశోధకుడు కనిపెట్టిన లోపం (సీవీఈ-2019-3462) ఆప్ట్‌లో ఇంతవరకు బయటపడిన వాటిలో అత్యంత ప్రమాదకరమైన వాటిలో ఒకటి. ప్యాకేజీ వేరే చిరునామాకు మారిందని సర్వర్ చెప్పే సమాధానంలో దొంగ వాక్యాలు చొప్పించి, దారిలో కూర్చున్నవాడు తన ప్రోగ్రాంను నిర్వాహకుడి అధికారంతో నడిపించగలిగేవాడు. అందులో మెమరీ పొరపాటు ఏదీ లేదు. రస్ట్‌లో రాసినా అదే తప్పు దొర్లేది. మరుసటి ఏడాది ఆప్ట్‌లోనే ప్యాకేజీ ఫైలును విప్పే చోట రెండు లోపాలు (సీవీఈ-2020-3810, సీవీఈ-2020-27350) బయటపడ్డాయి. అవి హద్దు దాటి చదవడం, అంకె పొంగిపోవడం బాపతువి. ఇలాంటివాటికి అడ్డుకట్ట వేయడానికే రస్ట్ పుట్టింది. ఒకే ప్రోగ్రాం రెండు వాదాలకూ సాక్ష్యం ఇస్తోంది.

తొలి తగవులు

చిత్రాలను గీసే లిబ్‌ఆర్‌ఎస్‌విజి అనే గ్నోమ్ డెస్క్‌టాప్ గ్రంథాలయాన్ని ఫెడెరికో మెనా కింటెరో 2016లో కొంచెం కొంచెంగా సి నుంచి రస్ట్‌లోకి మార్చసాగారు. దాని మీద ఆధారపడిన డెస్క్‌టాప్ ప్రోగ్రాములు లెక్కలేనన్ని. రస్ట్ కంపైలర్ లేని అరుదైన ప్రాసెసర్ల మీద డెబియన్ నడిపేవారు ఆ గ్రంథాలయం పాత రూపంతోనే నెట్టుకురావలసి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఇదే కథ పెద్ద ఎత్తున పునరావృతమైంది. పైథాన్‌లో గూఢలిపికి వాడే క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ 3.4వ విడుదలలో రస్ట్‌ను చేర్చగానే ఆల్పైన్, జెంటూ వంటి లినక్స్ పంపిణీలు వాడేవారి నిర్మాణ వ్యవస్థలు తెల్లారేసరికి ఆగిపోయాయి. మార్పు మంచిదే అయినా ముందస్తు హెచ్చరిక సరిపోలేదన్న ఫిర్యాదు న్యాయమైనదే.

కమాండ్లు అందుకుని నడిపే ఫిష్ అనే షెల్ 2025 ఫిబ్రవరిలో 4.0 విడుదలతో సి ప్లస్ ప్లస్‌ను వదిలి రస్ట్‌లోకి వచ్చేసినప్పుడు పెద్ద గొడవేమీ జరగలేదు. దాన్ని రాసేవారే మార్చుకున్నారు, వాడేవారు కోరి పెట్టుకుంటారు. మార్పును ఎవరు నిర్ణయించారన్నదాన్ని బట్టే ప్రతిఘటన తీవ్రత ఉంటుందని ఈ ఉదాహరణ చెబుతుంది.

కొత్త భాష వచ్చిందంటే వెనక్కి పోదనుకోవడం కూడా పొరపాటే. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ప్యాకేజీలు అమర్చే యమ్‌ను ఒకప్పుడు పైథాన్‌లో రాశారు. తరవాత డీఎన్‌ఎఫ్ కూడా పైథాన్‌లోనే వచ్చింది. 2024 అక్టోబరులో ఫెడోరా 41తో ప్రధాన పనిముట్టు అయిన డీఎన్‌ఎఫ్5 సి ప్లస్ ప్లస్‌లో ఉంది.

ఉబుంటు ప్రయోగం

ఉబుంటు తయారుచేసే కెనానికల్ సంస్థలో ఇంజినీరింగ్ ఉపాధ్యక్షుడు జాన్ సీగర్ 2025 మార్చిలో మౌలిక పనిముట్లను రస్ట్‌కు మార్చే పథకాన్ని ప్రకటించారు. 25.10ను ఎంచుకోవడంలో లెక్క ఉంది. ఆ విడుదలకు తొమ్మిది నెలల మద్దతే ఉంటుంది. దాని వెంటనే 2026 ఏప్రిల్‌కు నిర్ణయించిన 26.04 ఏళ్ల తరబడి సర్వర్లలో నిలిచే దీర్ఘకాలిక విడుదల. చేతులు కాల్చుకోవలసి వస్తే ముందుగానే కాల్చుకుందామన్నది ఆలోచన.

అప్పటిదాకా ఉన్న మౌలిక కమాండ్ల సముదాయం గ్నూ కోర్‌యుటిల్స్ స్థానంలో తీసుకున్నది యూయుటిల్స్. 2013లో జోర్డీ బొజ్జానో రస్ట్ నేర్చుకోవడానికి మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టును, డెబియన్‌లో, మొజిల్లాలో పనిచేసిన సిల్వెస్టర్ లెద్రు 2020 నుంచి ముందుకు నడిపించారు. గ్నూ వారి పరీక్షలనే గీటురాయిగా పెట్టుకుని, ఫలితం గ్నూతో తేడా వస్తే దాన్ని తమ లోపంగానే లెక్కించడం వీరి పద్ధతి. సుడోకు బదులు వచ్చిన సుడో-ఆర్‌ఎస్‌ను నెదర్లాండ్స్‌లోని ట్రైఫెక్టా టెక్ ఫౌండేషన్ చూసుకుంటుంది. పాత సుడోలో అరుదుగా వాడే సౌకర్యాలు కొన్నిటిని వీరు కావాలనే వదిలేశారు. కోడ్ తగ్గితే లోపాలు తగ్గుతాయి. ఈ లాభానికి భాషతో సంబంధం లేదన్నది గమనించాలి.

విడుదలైన రెండు వారాల్లోనే దెబ్బ తగిలింది. ఒక ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పే ఐచ్ఛికం డేట్ కమాండ్‌లో ఉంది. రస్ట్ రూపం ఆ ఐచ్ఛికాన్ని మారు మాట్లాడకుండా స్వీకరించి, ఫైలు సంగతి వదిలేసి, ప్రస్తుత సమయాన్ని చెప్పింది. స్వయంచాలక నవీకరణలు నడిపే స్క్రిప్టు ఆ సమాధానాన్ని నమ్మి, ఇప్పుడే పని అయిపోయిందనుకుని ఊరుకుంది. భద్రత కోసం తెచ్చిన మార్పు భద్రతా నవీకరణలనే ఆపేసింది. చేత్తో కమాండ్ ఇస్తే అంతా మామూలుగానే జరిగేది కాబట్టి చాలామందికి తెలియనే లేదు. లోపాన్ని వెంటనే సరిచేశారు. అయినా ఈ ఘటన విమర్శకులకు దొరికిన అతి బలమైన ఆయుధం. తెలియని ఐచ్ఛికం వస్తే తెలియదని చెప్పి ఆగిపోయి ఉంటే ఇంత జరిగేది కాదు. నవంబరులో సుడో-ఆర్‌ఎస్‌లో కూడా రెండు లోపాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి, సంకేతపదం అడిగి గడువు దాటితే అప్పటిదాకా కొట్టిన అక్షరాలను తెర మీద చూపించేయడం. మెమరీ చెక్కుచెదరలేదు.

పాత సుడోను సమర్థించేవారు ఇంతటితో గెలిచినట్టు కాదు. అదే 2025 జూన్‌లో అసలు సుడోలో, రూట్ డైరెక్టరీని మార్చే సౌకర్యం దగ్గర, స్థానిక వాడుకరులెవరైనా నిర్వాహకులు కాగల తీవ్రమైన లోపం (సీవీఈ-2025-32463) బయటపడింది. అదీ తర్కదోషమే. ఎన్నేళ్లు నలిగిన ప్రోగ్రాంలోనైనా లోపాలు దొరుకుతూనే ఉంటాయి.

తెలుగు వాడుకరులకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన లాభనష్టం ఉంది. గ్నూ పనిముట్లు ఫైళ్ల పేర్లను, పంక్తులను వరసలో పెట్టేటప్పుడు భాషా అమరికను, అంటే లొకేల్‌ను, చూస్తాయి. కెనానికల్ పథకం ప్రకటించిన నాటికి యూయుటిల్స్‌లో ఈ సౌకర్యం సరిగా లేదు. ఆ లోటును ప్రకటనలోనే ఒప్పుకున్నారు. లొకేల్ చూడకపోతే వరస యూనికోడ్ సంఖ్యల ప్రకారం వస్తుంది. యూనికోడ్‌లో ‘ళ’ స్థానం ‘ల’ పక్కన. మన వర్ణమాలలో ‘హ’ తరవాత. పేర్ల జాబితాలో, ఓటర్ల పట్టికలో, నిఘంటువులో ఇది చిన్న తేడా కాదు. లొకేల్‌లోనే వరస తప్పుంటే అక్కడ ఒక్కసారి దిద్దితే సరిపోతుంది. దాన్ని చూడని పనిముట్టుతో ఆ దారి కూడా మూసుకుపోతుంది. యూయుటిల్స్ వారు తరవాత దీని మీద పని మొదలుపెట్టారు.

ఆప్ట్ ప్రకటన

ఉబుంటు మార్పు ఒక కంపెనీ తన ఉత్పత్తి గురించి తీసుకున్న నిర్ణయం. డెబియన్ సంగతి వేరు. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ స్వచ్ఛంద ప్రాజెక్టు ఎన్నో రకాల యంత్రాల మీద నడవడాన్ని గర్వకారణంగా భావిస్తుంది. 1998లో వచ్చిన డెబియన్ 2.0 ఇంటెల్‌తో పాటు మొటరోలా 68000 కుటుంబం మీద కూడా నడిచింది.

క్లోడె ప్రకటనలో ఏయే భాగాలు మారతాయో స్పష్టంగా ఉంది: ప్యాకేజీ ఫైళ్లను విప్పే కోడ్, సంతకాలను సరిచూసే కోడ్. ప్యాకేజీ అంటే ఎక్కడినుంచో వచ్చే ఫైలు. దాన్ని విప్పేది నిర్వాహకుడి అధికారంతో నడిచే ప్రోగ్రాం. మెమరీ పొరపాటు అత్యంత ఖరీదుగా పరిణమించే చోటు ఇదే. సంతకాల తనిఖీకి 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆప్ట్ 3.0 అప్పటికే రస్ట్‌లో రాసిన సెక్వోయా పనిముట్టును వాడుతోంది. ప్రకటనలో ఇంతవరకు ఉన్నదాన్ని తప్పుపట్టడం కష్టం. మంట రేగింది దాని చివరి భాగంతో. రస్ట్ పనిచేయని యంత్రాల కోసం డెబియన్ రూపాంతరాలను నిర్వహించేవారు ఆరు నెలల్లో దాన్ని తెచ్చుకోవాలని, లేదా తమ రూపాంతరాన్ని ముగించుకోవాలని, పాతకాలపు యంత్రాల కోసం మొత్తం ప్రాజెక్టు ఆగకూడదని అందులో ఉంది.

దెబ్బ తగిలేది నాలుగు రకాల యంత్రాల రూపాంతరాలకు: డిజిటల్ కంపెనీ ఆల్ఫా, హెచ్‌పీ వారి పీఏ-రిస్క్, మొటరోలా 68000, హిటాచీ సూపర్‌హెచ్. ఒకటీ అధికారిక రూపాంతరం కాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అధికారికంగా నడిచే యంత్రాలన్నిటికీ రస్ట్ ఉంది. అంటే నష్టపోయేవారు చాలా కొద్దిమంది, అదీ ఎక్కువగా అభిరుచి కొద్దీ పాత యంత్రాలను బతికించుకునేవారు. మరి గొడవ ఎందుకు? రస్ట్ కంపైలర్ ఎల్‌ఎల్‌వీఎం అనే పునాది మీద కడతారు. ఎల్‌ఎల్‌వీఎం తెలియని ప్రాసెసర్‌కు రస్ట్ చేరాలంటే ఆరు నెలలు చాలవు. జీసీసీ అనే మరో కంపైలర్ పునాదితో రస్ట్‌ను నిర్మించే ప్రయత్నాలు రెండు నడుస్తున్నా ఇంకా పక్వానికి రాలేదు. స్వచ్ఛంద సేవకు గడువు పెట్టిన తీరు, అదీ కెనానికల్ ఉద్యోగి అయిన వ్యక్తి పెట్టడం, చాలామందిని నొప్పించింది. నిర్ణయం సబబే, చెప్పిన పద్ధతి సబబు కాదు.

లైసెన్స్, ఇతర అభ్యంతరాలు

గ్నూ కోర్‌యుటిల్స్‌కు జీపీఎల్ లైసెన్స్ ఉంది: మార్చి పంచేవారు తమ నుంచి అందుకున్నవారికి మార్పుల కోడ్‌ను కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. యూయుటిల్స్‌ది ఎంఐటీ లైసెన్స్, ఆ షరతు ఉండదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూను ప్రకటించిన ఆశయానికి ఇది తూట్లు పొడుస్తుందని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుల ఆందోళన. ఇందులో సారం ఉంది, కానీ దానికీ రస్ట్‌కూ సంబంధం లేదు. రస్ట్‌లో రాసి జీపీఎల్ పెట్టవచ్చు. పాత సుడో కూడా జీపీఎల్ కాదు.

రస్ట్ ప్రోగ్రాములు చిన్న చిన్న గ్రంథాలయాలను డజన్ల కొద్దీ దించుకుని ఒకే ముద్దగా తయారవుతాయి. ఒకదానిలో లోపం దొరికితే దాన్ని వాడిన ప్రతి ప్రోగ్రామూ మళ్లీ తయారు చేయాలి. ఉమ్మడి గ్రంథాలయాన్ని ఒక్కచోట దిద్దే డెబియన్ సంప్రదాయానికి ఇది మింగుడుపడదు. ఆరు వారాలకో రస్ట్ విడుదల వస్తుంది, డెబియన్ స్థిర విడుదల రెండేళ్లకో మారు. ఈ అభ్యంతరానికి రస్ట్ పక్షం దగ్గర ఇప్పటికీ గట్టి జవాబు లేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ కుదింపు ప్రోగ్రాంలో దొరికిన దొంగ తలుపు సి ప్రాజెక్టులో జరిగిందే అయినా, ఎవరెవరి కోడ్‌ను కళ్లు మూసుకుని దించుకుంటున్నామన్న భయాన్ని రెండు వర్గాల్లోనూ పెంచింది.

లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఇదే తగవు వేరే రూపంలో నడిచింది. 2022 డిసెంబరులో 6.1తో రస్ట్ ప్రయోగాత్మకంగా చేరింది. తన సి కోడ్ చుట్టూ రస్ట్ తొడుగు వద్దని ఒక సీనియర్ నిర్వాహకుడు అడ్డుకోవడం, విసిగిన కొందరు రస్ట్ పక్షం వారు తప్పుకోవడం, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కలగజేసుకోవడం 2025 ఫిబ్రవరిలో వరసగా జరిగాయి. రస్ట్ నచ్చనివారు దాని జోలికి పోనక్కర్లేదు, కానీ ఇతరులు తమ కోడ్‌ను వాడుకోవడాన్ని ఆపలేరన్నది టోర్వాల్డ్స్ తీర్పు. 2025 డిసెంబరులో ‘ప్రయోగం’ అనే ముద్ర తొలగిపోయింది.

మన యంత్రాల మీద ప్రభావం

తెలుగునాట లినక్స్ వాడేవారిలో చాలామంది ఉబుంటు, డెబియన్ కుటుంబం మీద ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ డెబియన్ ఆధారితం. 2005 నుంచి హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే గ్నూ/లినక్స్ కోసం పాటుపడింది. డెబియన్‌ను అమర్చే ప్రోగ్రాం తెలుగులో మాట్లాడుతుంది. కవి వేమన పేరిట వెలసిన వేమన2000, దాని జంట పోతన2000 ఖతులు డెబియన్ భండారంలో ప్యాకేజీగా ఉన్నాయి. ఎవరైనా వాటిని దించుకుంటే సంతకం సరిచూసేది ఆప్టే.

కదిరి, ధర్మవరం, హిందూపురం వంటి ఊళ్ల బడుల్లో, దుకాణాల్లో కనిపించే కంప్యూటర్లు ఇంటెల్, ఏఎండీ రకాలే కాబట్టి రస్ట్ వల్ల ఆగిపోయే యంత్రం దాదాపు ఉండదు. పాత 32 బిట్ల యంత్రాలకు అసలు దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది: ఉబుంటు వాటికి అమరిక ఫైళ్లు ఇవ్వడం ఎప్పుడో మానేసింది, డెబియన్ 13 వాటిని పూర్తి స్థాయి రూపాంతరాల నుంచి తప్పించింది. దానికి ఇంత గోల జరగలేదు. తెలుగు అక్షరాలు తెర మీదకు వచ్చే దారిలో కూడా రస్ట్ ఇప్పటికే చేరింది. లినక్స్, ఆండ్రాయిడ్‌లలో క్రోమ్ 133 నుంచి వెబ్ ఖతులను చదివేది ఫ్రీటైప్ అనే పాత గ్రంథాలయం కాదు, రస్ట్‌లో రాసిన స్క్రిఫా. ఖతి ఫైళ్ల ద్వారా వచ్చే మెమరీ ప్రమాదాలకు ఇది సూటి జవాబు.

ఆండ్రాయిడ్ అనుభవం ఈ వివాదంలో అన్నిటికంటే పనికొచ్చే సాక్ష్యం. గూగుల్ 2024లో వెల్లడించిన ప్రకారం అక్కడ మెమరీ లోపాల వాటా 2019లో 76 శాతం ఉండగా 2024కు 24 శాతానికి దిగింది. పాత కోడ్‌ను తిరగరాసి సాధించింది కాదది. కొత్త కోడ్‌ను రస్ట్ వంటి భాషల్లో రాశారు, పాతది వయసుతో పాటు తనంతట తానే కుదుటపడింది. ఆ లెక్కన బయటి ఫైళ్లను విప్పే ఆప్ట్ భాగాలకు, ఖతులు చదివే కోడ్‌కు రస్ట్ తేవడం సమర్థనీయం. ముప్పై ఏళ్లుగా కుదురుకున్న డేట్, సార్ట్ వంటివాటిని తిరగరాయడానికి అంత బలమైన కారణం కనిపించదు. అయినా అవి వచ్చేశాయి. ఉబుంటు వాడే తెలుగువారు తమ యంత్రంలో తెలుగు పేర్ల జాబితాను ఒకసారి సార్ట్ చేసి, వరస తప్పితే యూయుటిల్స్ ప్రాజెక్టుకు లోపంగా నమోదు చేయాలి.